మా సామి మానేసిన సంగతి

మొన్న కోవిల్‌పట్టి నుంచి మా అక్క కోడలు వచ్చింది. చేతిలో సంచీ కింద పెట్టకముందే అందులోంచి ఒక నీళ్ళ సీసా తీసి నా చేతికిచ్చింది. లోపల ఎర్రగా ఏదో ఉంది, అడుగున కాస్త మడ్డి. "చిన్నత్తా, సామి తీర్థం. పంగుని ఉత్తరం పండక్కి మీరు రాలేదని మామ ఇచ్చిపంపినారు" అంది. మూత తీయగానే శొంఠి ఘాటు, దాని వెనకే బెల్లం, ఏలకులు. విరుదునగర్ ఎండల సంగతి తెలిసినవాళ్ళకు ఆ సమయంలో పానకం ఎంత సుఖమో చెప్పనక్కరలేదు. నిలబడే పెద్ద గుక్క తాగాను. ఆ పిల్ల నా వంక భక్తిగా చూస్తూ ఒక మాట అంది. ఆ మాటకు నాకు పొలమారి పానకం ముక్కుల్లోకి ఎక్కింది. పాపం, నా వీపు నిమురుతూ తీర్థం నేలపాలైందని బాధపడింది. ఆమె ఏమందో చివర్లో చెబుతాను. ఇప్పుడే చెబితే మీకు అందులో ఏమీ కనిపించదు.

తీర్థం అన్న మాట దగ్గర మొదలుపెట్టాలి. మా ఇళ్ళలో తెలుగు వంటింటి నుంచి వీధి గుమ్మం దాకా వచ్చి ఆగిపోతుంది, గుమ్మం దాటితే అంతా తమిళమే. నేను తెలుగు అక్షరాలు దిద్దుకున్నది కూడా మా ఆయన రైల్వే ఉద్యోగం గూడూరుకు మారాక, జుట్టు నెరిసే వయసులో. ఆయన రిటైరయ్యాక మళ్ళీ విరుదునగరే చేరాం. అక్కడివాళ్ళు నా మాట విని ఏ కాలం తెలుగమ్మా ఇది అని నవ్వేవాళ్ళు. నవ్వితే నవ్వారు, మా సామికి ఆ తెలుగే అర్థమవుతుంది. మేము అక్కాచెల్లెళ్ళం ఇద్దరం ఒకే వంశంలో పడ్డాం. మా ఆయనా, బావా అన్నదమ్ముల బిడ్డలు. వాళ్ళ కులదైవం నాగలాపురం పక్క నల్లరేగడి చేలల్లో ఉంటాడు. ఒక రాయి, ముందు తుప్పుపట్టిన ఈటెలు, చుట్టూ తుమ్మచెట్లు, పొంగలి కుండలు పెట్టుకోవడానికి ఒక రేకుల కొట్టం, అంతే ఆయన ఆస్తి. ఉత్తరం నుంచి మాతోపాటు నడిచి వచ్చాడట, అందుకని తమిళం రాదట, ఏం అడగాలన్నా తెలుగులోనే అడగాలట. ఇన్ని తరాలు ఈ దేశంలో ఉండి ఒక్క ముక్క నేర్చుకోలేదా అని పెళ్ళయిన కొత్తలో అడిగితే మా అత్తగారు నా నోరు నొక్కేసింది.

ఏటా ఎండాకాలం మొదట్లో వచ్చే పంగుని ఉత్తరం నాడు ఆ సామికి పొంగలి, పొట్టేలు, చుట్ట, ఒక ఇత్తడి చెంబు నిండా సారాయి. కానీ దాన్ని సారాయి అనకూడదు, తీర్థం అనాలి. పెద్ద ఇంటి పెద్దకొడుకు ఆ చెంబును రాయి ముందు పెట్టి, మొక్కి, తిరిగి ఎత్తి మొదటి గుక్క తాను తాగాలి. అతని నోటితోనే సామి తాగుతాడని లెక్క. ఆ తర్వాతే మిగతా మగవాళ్ళకు, ఆ తర్వాతే ఆకులు పరిచి అందరికీ కూడు. పెద్దకొడుకు బతికుండగా ఇంకొకరు చెంబు ఎత్తకూడదు. ఆ పెద్దకొడుకు మా బావ.

బావ కోవిల్‌పట్టిలో కడలై మిఠాయి, అంటే చెనక్కాయల చిక్కీ, చేసే కార్ఖానాలో పని చేసేవాడు. పాకం ఆయన చేతిలో ఉండేది. పెద్ద ఇనుప బాణలిలో బెల్లం మరుగుతుంటే ఒక చుక్క నీళ్ళలో వేసి, గట్టిపడ్డాక దాన్ని గిన్నె అంచుకు కొట్టి చూసేవాడు. ఆ చప్పుడుకే దించాలో, ఇంకా ఉంచాలో తెలిసిపోతుందనేవాడు. మా అక్కను చూసుకోవడానికి వచ్చినప్పుడు ఆయన చొక్కా నుంచి వేయించిన చెనక్కాయల వాసన వచ్చింది. వాసన బాగుంది, ఒప్పేసుకో అని అక్క చెవిలో చెప్పింది నేనే. కొన్నేళ్ళకు ఆ చొక్కా నుంచి వేరే వాసన రాసాగింది. మొదట సాయంత్రాలు, తర్వాత మధ్యాహ్నాలు, చివరికి పళ్ళు తోముకోకముందే. చేతులు వణికి పాకం మాడిపోయేది. చేదెక్కిన మిఠాయి ఎవరు కొంటారు, కార్ఖానా యజమాని ఇంటికి పొమ్మన్నాడు. తాగినవాళ్ళు కొడతారు, తిడతారు అంటారు. మా బావ అలాంటిదేమీ చేయలేదు, నవ్వుతూ అబద్ధాలు చెప్పేవాడు. ఒకసారి అక్క వెండి పట్టీలు ఎక్కడని అడిగితే వాటికి మెరుగు పెట్టించడానికి ఇచ్చానన్నాడు. ఆ పట్టీలకు ఇప్పటికీ మెరుగు పెడుతూనే ఉన్నారు. కొట్టి ఉంటే మా అన్నలు చూసుకునేవాళ్ళు. నవ్వే మనిషిని ఏం చేయాలో మాకెవరికీ తెలియలేదు, నాకు మాత్రం ఆ నవ్వు చూస్తే ఒళ్ళు మండేది.

అప్పట్లో మేము విరుదునగర్‌లో స్టేషన్ పక్క రైల్వే క్వార్టర్స్‌లో ఉండేవాళ్ళం. తాగుడు మానినవాళ్ళ కూటం ఒకటి ఆ ఊళ్ళో ఆదివారాలు జరుగుతుందని మా ఆయన ఎక్కడో విని వచ్చాడు. చర్చి పక్కన చిన్న గది, చెక్క బెంచీలు, పాలు లేని టీ. బావను మొదటిసారి పంపించడానికి మేము పడిన పాట్లు ఇన్నీ అన్నీ కావు. తన మతం మార్చేస్తారని ఆయన భయం. ఒక మనిషికి ఒళ్ళంతా సారాయే ఉన్నప్పుడు మతానికి చోటెక్కడుందని నేను అన్నాను. దానికి నవ్వాడు, వెళ్ళాడు. అక్కడ కూటం నడిపే పెద్దమనిషి అగ్గిపెట్టెల ఫ్యాక్టరీలో పని చేసి మానుకున్నవాడు, క్రైస్తవుడు, ఇంట్లో మాలాగే తెలుగు మాట్లాడేవాడు. అందరూ ఆయన్ని అన్న అనేవాళ్ళు, నేనూ అలాగే అంటాను.

బావ తమిళంలో మాట్లాడటం మొదలుపెడితే సభలో మైకు పెట్టినట్టుంటుంది. ఆ రోజు కూడా లేచి, స్నేహితులారా అని మొదలుపెట్టి, తాగుడు వల్ల సమాజానికి కలిగే చేటు గురించి ఉపన్యాసం దంచాడట. కొందరు చప్పట్లు కూడా కొట్టారట. అన్న మాత్రం కొట్టలేదు.

"ఇంట్లో పెండ్లాముకు ఏ బాసలో అబద్దం చెప్పినావు?" అని అడిగాడు.

"తెలుగులో" అన్నాడు బావ.

"అట్లయితే నిజము కూడా ఆ బాసలోనే చెప్పు. వీండ్లకు అర్తము కాకపోతే పరవాలేదు."

తమిళంలో గంటసేపు చెప్పగలిగిన మనిషి తెలుగులో ఒక్క వాక్యం చెప్పలేక బెంచీ మీద కూలబడి ఏడ్చాడట. ఆ సంగతి మధ్యాహ్నం మా ఇంట్లో అన్నం తింటూ ఆయనే చెప్పాడు. చెప్పి, ఎప్పటిలా దాన్ని నవ్వులోకి దించేశాడు. తమిళంలో ఈ రోగాన్ని కుడినోయి అంటారు. కుడి అంటే వాళ్ళకు తాగడం, మనకు కుడిచెయ్యి. "నాకుండేది కుడి జబ్బు ఒకటే మరదలా, ఎడమ పక్క బాగానే ఉండాది" అన్నాడు. అక్క నవ్వలేదు. కానీ ఆయన పళ్ళెంలో ఇంకో గరిటె అన్నం పెట్టింది.

ఏడాది కావస్తుండగా పంగుని ఉత్తరం వచ్చింది. ఆ ఏడాదిలో బావ మళ్ళీ పాకం దగ్గరికి చేరాడు, అక్క మెడ కాస్త నిటారుగా నిలిచింది. నాగలాపురం చేలల్లో అందరం పోగయ్యాం. చిన్నమామ చెంబు నింపి బావ చేతికిచ్చాడు. చిన్నమామ అంటే బావకు చిన్నాయన, వంశానికి పెద్ద, గొంతు కూడా పెద్దదే. బావ చెంబు వైపు చూశాడు, అక్క వైపు చూశాడు. "తీర్తమే కదరా, సారాయి కాదు కదా" అన్నాడు చిన్నమామ. చుట్టూ ఉన్న ఆడవాళ్ళు కూడా అదే అన్నారు. తీర్థం వద్దనే ధైర్యం మాలో ఎవరికీ లేకపోయింది. బావ ఒక్క గుక్క తాగాడు. ఒక్కటే, ఎక్కువ కాదు, అందరం చూశాం. తిరుగు బస్సు దారిలో ఒకచోట ఆగినప్పుడు కాళ్ళు చాపుకుంటానని దిగిన మనిషి మళ్ళీ ఎక్కలేదు.

ఆ తర్వాతి కొన్నేళ్ళ గురించి పెద్దగా రాయను. అక్క అగ్గిపెట్టెల ఫ్యాక్టరీలో పనికి పోయింది, గోళ్ళలో అగ్గిపుల్లల మందు వాసన అన్నం కలిపినా పోయేది కాదు. బావ మురిక్కాలవల పక్కన, బస్టాండు బెంచీల మీద దొరికేవాడు. ప్రతి పంగుని ఉత్తరానికీ మాత్రం ఆయన్ని వెతికి, తలకు నీళ్ళు పోసి, పంచె కట్టించి తీసుకుపోయేవాళ్ళు. నిలబడలేకపోతే ఇద్దరు చెరో భుజం పట్టుకుని చెంబు ఎత్తించేవాళ్ళు. అన్నేళ్ళలో ఆయనకు చెంబు పట్టే అర్హత ఉందా లేదా అని ఒక్కరికీ అనుమానం రాలేదు. ఇది తలుచుకుంటే నాకు ఇప్పటికీ కోపం వస్తుంది, రానివ్వండి.

చివరికి పెద్దాసుపత్రిలో పడ్డాడు. కళ్ళు పచ్చగా, పొట్ట ఉబ్బి. ఇంకొక్కసారి ముట్టుకుంటే ఇక్కడికి తేవద్దు, నేరుగా కాటికే తీసుకుపోండి అని డాక్టరు అక్క మొహం మీదే చెప్పేశాడు. అక్కడి నుంచి లేచి నడవగలిగిన మొదటి ఆదివారం బావ విరుదునగర్ రైలెక్కాడు. ఈసారి ఎవరూ పంపించలేదు. కూటంలో అన్న ఆయన్ని ఎక్కడ జారావని అడిగాడు. తీర్థం దగ్గర అన్నాడు బావ. "దానికి ఇంకో పేరు ఉండాదా?" అన్నాడు అన్న. సారాయి అన్నాడట బావ. ఇంకోసారి చెప్పు అన్నాడట అన్న. ఇంకోసారి చెప్పాడట. ఆ రోజు మా ఇంటికొచ్చి అన్నం తింటూ ఏ జోకూ వేయలేదు. నాకదే ధైర్యమనిపించింది.

మానిన మనిషి ఏదో దేవతలా వెలిగిపోతాడనుకుంటారు. అదేమీ లేదు. మా బావ మొదటి ఏడాది మహా విసుగు మనిషి. చీటికీమాటికీ కసురుకునేవాడు. సాయంత్రాలు ఏం చేయాలో తెలియక గోడకున్న సున్నం గోకేవాడు. పట్టలేనంత తీపి పిచ్చి పట్టుకుంది. శ్రీవిల్లిపుత్తూరు పాలకోవా తెచ్చి దాచుకుంటే మా ఇంట్లో రాత్రికి ఆకు మాత్రం మిగిలేది. కార్ఖానాలో మళ్ళీ చేర్చుకున్నారు కానీ మిఠాయి అమ్మేదానికన్నా ఈయన తినేదే ఎక్కువని యజమాని మొత్తుకున్నాడు. అన్నిటికన్నా కష్టం వానాకాలం. తడిసిన బెల్లం పులిసిన వాసన వస్తే ఆయన మొహం మారిపోయేది. అప్పుడు బాణలి పక్కవాళ్ళకప్పగించి, బయటికొచ్చి, తనకెలా ఉందో ఎవరో ఒకరికి ఉన్నదున్నట్టు చెప్పేవాడు. టీ కొట్టువాడికైనా సరే, తెలుగు రాకపోయినా సరే. నాకు తాగాలని ఉంది అని నవ్వకుండా చెప్పడం నేర్చుకున్నాడు. అక్క పని నుంచి వచ్చేసరికి చారు కాచి, అన్నం వార్చి ఉంచడం నేర్చుకున్నాడు. ఆ చారు నోట పెట్టలేకపోయేవాళ్ళం. అయినా అక్క ఒక్క మాట అనేది కాదు, మమ్మల్నీ అననిచ్చేది కాదు.

మళ్ళీ పంగుని ఉత్తరం దగ్గరపడింది. ఈసారి మానేసిన మనిషి చెంబు ఎత్తి తాగుతాడా లేదా అన్నది వంశమంతా పాకింది. తాగడని తేలిపోయాక, చిన్నమామ కోవిల్‌పట్టికే వచ్చి కూర్చున్నాడు. చెంబు కాదంటే సామిని కాదన్నట్టే, ఆ ఇంటిని పంక్తి నుంచి తీసేస్తాం, రేపు నీ కొడుక్కి పిల్లనెవరిస్తారో చూస్తాం అన్నాడు. ఆ రోజుకు ఇంట్లో జ్వరమని పడుకోవచ్చు కదా అని మా ఆయన మెల్లగా సలహా ఇచ్చాడు. బావ ఒప్పుకోలేదు. "నేను సారాయి విడిచినాను గానీ సామిని విడవలేదే. ఏంటికి దాక్కోవాల?" అన్నాడు.

వెళ్ళాం. మండుటెండ. పొట్టేలు కోయడం అయింది, కూర ఉడికింది, పొంగలి దిగింది. చిన్నమామ సీసా మూత తిప్పుతుండగా బావ తన సంచీలోంచి ఒక క్యాను తీసి, ఆ ఇత్తడి చెంబులో ఎర్రగా పోశాడు. పానకం. తన బెల్లంతో, తన చేత్తో కలిపి తెచ్చింది.

"ఏమిరా ఇది? తాతల కాలము నుంచి వచ్చే ఆచారము" అన్నాడు చిన్నమామ.

బావ గొంతు పెంచలేదు. "తాతల కాలములో కల్లు పెడతా ఉండిరి చిన్నాయనా. సర్కారు కల్లు నిలిపేస్తే సారాయి పెడితిమి. సారాయి నిలిపేస్తే ఇదో, నీ చేతిలో ఉండేది బ్రాందీ సీసా. సర్కారు చెప్తే సామి మారతాడు. నేను చెప్తే మారడా?"

ఎవరో నవ్వు ఆపుకోలేక దగ్గు తెచ్చుకున్నారు. చిన్నమామ సామినే అడుగుదామన్నాడు. మాలో సామిని అడగడమంటే బల్లి పలుకు వినడం. కొట్టంలో కుడి పక్క బల్లి పలికితే సరే, ఎడమ పక్క పలికితే కాదు. అందరం నోళ్ళు మూసుకుని నిలబడ్డాం. రేకులు ఎండకు టపటపమన్నాయి తప్ప బల్లి పలకలేదు. పిల్లలు ఆకలని గొణిగారు, కూర మీద నూనె పేరుకుంది, ఒక ముసలమ్మ నిలబడే నిద్రపోయింది. బల్లి కూడా ఎండకు ఎక్కడో పడుకుని ఉంటుంది. చిన్నమామ ఇంకాసేపు చూద్దాం, ఇంకాసేపు చూద్దాం అంటూనే ఉన్నాడు. నేను బావ వంక చూశాను. చెంబు రెండు చేతులా పట్టుకునే ఉన్నాడు. ఆయన కళ్ళు చెంబు మీద లేవు, చిన్నమామ చేతిలో మూత తీసిన సీసా మీద ఉన్నాయి. ఆ వాసన నాకే తెలుస్తున్నది, ఆయనకు తెలియకుండా ఉంటుందా. ఇంకాసేపు అలాగే నిలబెడితే ఈ మనిషి మాకు దక్కడని నాకు నిజంగా భయం వేసింది.

అక్క ముందుకు వచ్చింది. ఆ వంశంలో ఆడది రాయికి అంత దగ్గరగా వెళ్ళడం నేను చూడలేదు. చిన్నమామ చేతిలోని సీసా తీసుకుని, మూత బిగించి, కింద పెట్టింది. "సామి పలకలేదు, నేను పలుకుతాను. ఈ మనిషి కాలవలో పడుండినప్పుడు సామి వచ్చి ఎత్తలేదు. మీరు ఎత్తలేదు. నేనే దా ఎత్తినాను" అంది. బావ వైపు తిరిగి, "నువ్వు కానియ్యి మామా" అంది.

బావ చెంబును రాయి ముందు పెట్టాడు. ఆయన ఆ రోజు అన్న మాటలు మా వంశంలో తెలియనివాళ్ళు లేరు. "సామీ, నా ఒంటికి పడలేదు, మానేసినాను. నువ్వు నా నోటితోనే దా తాగాల. నా నోట్లోకి ఇంక ఇదే దా పోతాది. ఇష్టముంటే తాగు. లేకుంటే దాహముతో ఉండు."

చెంబు ఎత్తి గడగడా తాగేశాడు. తాగి, కళ్ళు ఎర్రబడి, ఊపిరాడక వంగిపోయాడు. సామి దెబ్బ కొట్టాడని ఇద్దరు ముగ్గురు చెంపలు వేసుకున్నారు. అసలు సంగతి ఏమిటంటే, మందు ఘాటు లేదనే మాట రాకూడదని బావ ఆ పానకంలో శొంఠీ మిరియాలూ గుప్పిళ్ళతో దంచి పోశాడు. తర్వాత గుక్క తాగిన మా ఆయన, దీనికన్నా సారాయే మేలని గొంతు పట్టుకున్నాడు. చిన్నమామ తన సీసా తీసుకుని, కొందరిని వెంటబెట్టుకుని తుమ్మచెట్ల వెనక్కి పోయాడు. ఆ ఏడు మా సామి రెండు రకాలూ తాగాడన్నమాట. ఈలోపు ఆడవాళ్ళు ఆకులు పరిచేశారు. పంక్తిలో బావ పక్కన ఎవరు కూర్చుంటారో అని నేను చూస్తున్నాను. అక్క కూర్చుంది, నేను కూర్చున్నాను, ఆకలి మీదున్న పిల్లలు ఎక్కడ ఖాళీ ఉంటే అక్కడ కూర్చున్నారు, వాళ్ళ కోసం వాళ్ళ తల్లులు కూర్చున్నారు. తీసేస్తామన్న ఇంటి చుట్టూనే పంక్తి నిండిపోయింది.

మరుసటి ఏడాది తుమ్మచెట్ల వెనక్కి వెళ్ళేవాళ్ళు తగ్గారు. శొంఠి కూడా తగ్గింది. కొన్నాళ్ళకు ఒక ఆదివారం చిన్నమామ మా క్వార్టర్స్ గేటు దగ్గర కనిపించాడు. వెనక ఆయన కొడుకు, కళ్ళు పచ్చబడి, చొక్కా గుండీలు తప్పుగా పెట్టుకుని. నా మొహం చూడకుండా, "మీ బావ ఉండాడా?" అని అడిగాడు. బావ అన్నం ముందు నుంచి లేచి, చెయ్యి కడుక్కుని, చెప్పులు వేసుకున్నాడు. చిన్నమామతో పాత సంగతి ఒక్కటీ ఎత్తలేదు. ఆ కుర్రవాడి భుజం మీద చెయ్యి వేసి, "రా పోదాము. అక్కడ తెలుగులో చెప్పు, సులువుగా ఉండదు, అయినా చెప్పు" అన్నాడు. వాళ్ళిద్దరూ చర్చి వైపు నడిచిపోతుంటే చిన్నమామకు నేను కాఫీ ఇచ్చాను. ఆయన గ్లాసు రెండు చేతులతో పట్టుకుని తాగాడు.

ఇక మా అక్క కోడలు అన్న మాట. ఆ పిల్ల మదురై పక్క నుంచి వచ్చింది, కొత్తగా మాలో కలిసింది, ఈ గొడవలేవీ ఎరుగదు. నేను పానకం తాగుతుంటే చూసి ఏమందంటే, "తాతల కాలము నుంచి మన సామి పానకము తప్ప వేరేమీ ముట్టడంట కదా చిన్నత్తా. ఇప్పుడు పెట్టుకున్నారే, ఆ పూజారి చెప్పినాడు. ఎంత శాంతమైన సామో."

ముక్కు మంట తగ్గాక బావకు ఫోన్ చేసి చెప్పాను. అవతల చిన్నగా నవ్వు వినబడింది, పాత నవ్వు కాదు. "అవునని చెప్పు మరదలా. నేను అబద్దము చెప్పి చానా ఏండ్లయింది, ఈ ఒక్కటి నా బదులు నువ్వు చెప్పు" అన్నాడు.

చెప్పేశాను. అవునమ్మా, తాతల కాలం నుంచీ అంతే అన్నాను. తాతల కాలమంటే మనం పుట్టకముందు, ఎవరికీ అందని దూరంలో ఎక్కడో ఉంటుందనుకునేదాన్ని. మేమంతా ఆకలితో ఎండలో నిలబడి, పలకని బల్లి కోసం ఎదురుచూసిన ఆ మధ్యాహ్నమే అది.